పొజ్జె నాలుక మీది పులుపు

కొత్తగా బడిలో చేరిన టీచర్లు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. "మాస్టారూ, పిల్లలు ఇంట్లో సొంతంగా చేసుకునే కరెంటు ప్రయోగాలు నాలుగు చెప్పండి" అని అడుగుతారు. చెబుతాను. టార్చిలైటు సెల్లు, రాగి తీగ, ఉప్పు నీళ్ళు, లక్క ముక్క ఉంటే చాలు, గోడలో ఉండే కరెంటు జోలికి మాత్రం ఎన్నడూ పోవద్దు అని కూడా చెబుతాను. అంతా రాసుకుని లేచే ముందు ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు: "మరి అది ఎందుకలా అవుతుందండీ?" అక్కడ నేను నీళ్ళు నములుతాను.

ముప్పై ఏళ్ళకు పైగా ఇదే పని చేశాను. చేయించిన ప్రయోగాల్లో ఒక్కటైనా నాకు పూర్తిగా బోధపడిందని గుండె మీద చెయ్యి వేసుకుని చెప్పలేను. ఇది వినయం కాదు. వినయం నాకు తక్కువని మా ఇంట్లోవాళ్ళంతా ఒప్పుకుంటారు.

ఎక్కడెక్కడికి బదిలీ అయ్యానో, ఎప్పుడు పెద్ద మాస్టరునయ్యానో రాయను. అవి చదివితే మీకు నిద్ర వస్తుంది. నన్ను తికమకపెట్టిన ఒక్క వేసవి గురించి రాస్తాను. రేపు మీరూ తికమకపడతారు. అప్పుడు కంగారుపడి అబద్ధం చెప్పకుండా ఉంటారని ఆశ.

లక్క కడ్డీ

అప్పటికి బస్తర్ ఇంకా రాజుగారి రియాసత్, అంటే సంస్థానం. భద్రాచలం వైపు నుంచి శబరి దాటి వచ్చిన నన్ను సుక్మాకు దక్షిణాన, అడవి మధ్య దోర్లా ఆదివాసుల పల్లె ఒకదానిలో బడికి వేశారు. పుస్తకాలు హిందీవి, పిల్లలు మాట్లాడేది దోర్లీ, నాకు వచ్చింది తెలుగు. మూడూ కలిపి పాఠం చెప్పేవాణ్ణి. ఏ మాట ఏ భాషదో కొన్నాళ్ళకు నాకే తెలియకుండా పోయింది.

పిల్లలు పద్దెనిమిది మంది. ఆడపిల్ల ఒక్కతే, పేరు పొజ్జె. పదేళ్ళుంటాయి. వాళ్ళ నాన్న ముత్తయ్య సేద్యం చేసుకునే మనిషి. "నాకు మగపిల్లలు లేరు గురూజీ, దీనికే చదువు చెప్పు" అని తెచ్చి ముందు వరసలో కూర్చోబెట్టి పోయాడు. ఊరు నవ్వింది. అతను పట్టించుకోలేదు.

బళ్ళు చూడటానికి జగదల్‌పూర్ నుంచి ఒక డిప్టీ సాహెబు వచ్చేవారు. మనిషి మంచివాడు, గొంతే పెద్దది. ఇంట్లో చేసుకునే విద్యుత్ ప్రయోగాలున్న ఒక ఇంగ్లీషు పుస్తకాన్ని నా చేతిలో పెట్టి, "సామాన్ లేదని చెప్పకు మాస్టర్. ఇళ్ళల్లో ఏది దొరికితే దాంతో చెయ్యి" అని హుకుం ఇచ్చారు.

మొదటి ప్రయోగానికి గాజు కడ్డీ, పట్టుగుడ్డ కావాలని రాసి ఉంది. మా ఊళ్ళో రెండూ లేవు. లక్క మాత్రం అడవి నిండా ఉంది. లక్క కరిగించి కడ్డీలా చుట్టి, కంబళితో గట్టిగా రుద్ది, కోడి నూగు దగ్గర పెట్టాను. నూగు ఎగిరొచ్చి కడ్డీకి అంటుకుంది. పిల్లలు కేకలు పెట్టారు. వాళ్ళకన్నా నేనే ఎక్కువ ఆశ్చర్యపోయాను, పైకి మాత్రం రోజూ చూసేదానిలా నిలబడ్డాను.

చలికాలమంతా అది బ్రహ్మాండంగా పనిచేసింది. సాహెబు వచ్చింది వానాకాలంలో. చెయ్యి నొప్పి పుట్టేదాకా రుద్దాను. నూగు కదల్లేదు.

"మాస్టర్, కడ్డీని రుద్దుతున్నావా, జోకొడుతున్నావా?" అన్నారు సాహెబు.

"కడ్డీ పాతబడింది సాహెబ్" అన్నాను. పాతబడితే పనిచేయదని నాకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. పరువు పోతుందని నోటికొచ్చింది అనేశాను. నా ఉద్యోగంలో మొదటి పెద్ద తప్పు అదే. ప్రయోగం చెడిపోవడం తప్పు కాదు, కారణం కల్పించడం తప్పు.

మర్నాడు పొజ్జె వచ్చి నా బల్ల ముందు నిలబడింది.

"గురూజీ, మా ఇంట్ల పట్టింది."

"ఏంటి పట్టింది?"

"నూగు. కంబడిని పొయ్యికాడ కాసిన, కడ్డీని గూడ జెరంత కాసిన. పట్టింది. కంబడిని ఒక్కదాన్నే కాస్తే సగమే పట్టింది. కడ్డీని ఒక్కదాన్నే కాస్తే అస్సలు పట్టలే."

తేమ సంగతి నాకు అప్పటికి తట్టనేలేదు. దానికన్నా నన్ను కలవరపెట్టింది వేరే ఉంది. ఒకసారికి ఒక్కదాన్నే మార్చి చూడాలని ఈ పిల్లకు ఎవరు నేర్పారు? నేను నేర్పలేదు. నాకే రాదు. గర్వపడాలో సిగ్గుపడాలో తెలియక ఆ రోజు లెక్కల పాఠం రెండుసార్లు చెప్పాను.

నాలుగు కాయలు

ఎండలు ముదిరాక పుస్తకంలో తర్వాతి పేజీ తిప్పాను. నిమ్మకాయకు ఒక పక్క రాగి ముక్క, ఇంకో పక్క జింకు ముక్క గుచ్చాలి. అలాంటి నాలుగింటిని తీగతో వరసగా కలపాలి. చివర మిగిలే రెండు తీగలను నాలుక మీద పెట్టుకుంటే కరెంటు తెలుస్తుంది.

రాగికి చిల్లుపడిన నా చెంబు ఉంది. జింకు కోసం అడవిశాఖ బంగళా కాపలాదారు పారేసిన టార్చి సెల్లు తెచ్చుకుని పై తొడుగు కత్తిరించాను. నిమ్మకాయలే లేవు. ఏ పుల్లటి కాయైనా పరవాలేదని పుస్తకం అడుగున రాసి ఉంది. బడి వెనక మామిడిచెట్టు కింద పిందెలు రాలి ఉన్నాయి. అందులో పెద్దవి నాలుగు ఏరుకొచ్చాను.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి. ఆ ఊళ్ళో మర్కా పండుం అని మామిడి పండగ ఉంది. కొత్త కాయను ముందు పెద్దలకు, అంటే చనిపోయిన తాతముత్తాతలకు పెట్టాలి. అప్పటిదాకా ఎవరూ మామిడి రుచి చూడరు. చూస్తే ఆ ఇంటివాళ్ళను అడవిలో పులి పడుతుందని భయం. పండుం ఇంకా అయిదు రోజులుంది. ఈ సంగతి నాకు బాగా తెలుసు. కానీ తినకూడదన్నారు, గుచ్చకూడదని ఎవరూ అనలేదు కదా! ఇదీ నా తెలివి.

ఇంట్లో కుండ నిండా పాత చింతపండు ఉంది. దాన్ని నీళ్ళలో పిసికి వాడితే ఏ గొడవా ఉండేది కాదు. దానికి దొప్పలు కుట్టాలి, ముక్కలు నిలబెట్టాలి. మామిడికాయకు గుచ్చితే చాలు, అదే నిలబడుతుంది. ఒట్టి బద్ధకం. మాస్టర్ల తప్పుల్లో సగం బద్ధకం వల్లే జరుగుతాయని నా గట్టి నమ్మకం.

మొదట ఒక పిల్లవాడు భయపడుతూనే తీగలు నాలుక మీద పెట్టుకున్నాడు. "ఏం లేదు గురూజీ" అన్నాడు. భయంతో వాడి నోరు ఎండిపోయింది. "ఎండిన నాలుక మీద తెలియదురా, తడి చేసుకో" అంటుండగానే పొజ్జె వాడి చేతిలో తీగలు లాక్కుని నాలుక చాపింది. పెట్టుకోగానే ఎగిరి గంతేసింది.

"పుల్లగుంది గురూజీ! మామిడికాయ లెక్కనే ఉంది!"

నేను చప్పట్లు కొట్టాను. నేనొక్కణ్ణే కొట్టాను. మిగతా పిల్లలు ఒక అడుగు వెనక్కి వేశారు. ఎంత పిలిచినా ఒక్కరూ తీగ ముట్టలేదు. భయమనుకున్నాను. వాళ్ళకు నాకన్నా ముందే అర్థమైందని నాకు అర్థం కావడానికి ఒక రాత్రి పట్టింది.

తాత అడిగిన ప్రశ్న

పొద్దున పొజ్జె బడికి రాలేదు. ముత్తయ్య వచ్చాడు. అది ఇప్పపూలు రాలే కాలం. ఆడవాళ్ళంతా గుంపుగా అడవికి పోయి ఏరుకొస్తారు. ఆ పొద్దు పొజ్జె తల్లిని ఎవరూ తమతో రానివ్వలేదట.

"నా బిడ్డ పండుం కాకముందే మామిడి తిన్నదంట. నువ్వే తినిపిచ్చినవంట" అన్నాడు ముత్తయ్య.

"తినలేదు ముత్తయ్యా. తీగ నాలుక మీద పెట్టుకుంది, అంతే."

"మరి పులుపేంది?"

"అది కరెంటు."

"కరెంటు పుల్లగుంటదా?"

ఉంటుందో లేదో నాకేం తెలుసు? కాయలో పులుపు ఉంది, తీగలో కరెంటు ఉంది, పిల్ల నాలుక మీద పులుపు తెలిసింది. ఏది దేనిదో నాకే అంతుపట్టలేదు.

"పెర్మ తాత ఏది చెప్తే అది" అన్నాడతను. ఊరి భూమికి పూజ చేసే పెద్దను అక్కడ పెర్మ అంటారు. "తిన్నదంటే మా ఇంటోళ్ళను పండుంల కూసోనియ్యరు. నా పెండ్లాం ఒక్కతే అడవికెట్ల పోతది? పిల్లను ఏరవతల మేనమామ ఇంటికి తోలేస్త. బడి లేదు, గిడి లేదు."

ఆ చివరి మాట అన్నది ఊరు నవ్వినా లెక్కచేయకుండా పిల్లను బడికి తెచ్చిన మనిషి. బడి వదిలేసి తాత ఇంటికి నడిచాను.

పెర్మ తాత ఇంటి ముందు కూర్చుని నార పేనుతున్నాడు. కోపంగా లేడు. అదే నన్ను ఇంకా భయపెట్టింది.

"పిల్ల కాయ కొరికిందా?"

"లేదు తాతా."

"నాకిందా?"

"లేదు."

"పులుపు తెలిసిందా?"

"తెలిసింది."

"కాయ లేకుంటె ఆ పులుపు వస్తుండెనా?"

తాత నా చేతులవైపు చూశాడు. "కాయలు గుచ్చింది నువ్వే గద. రసం నీ చేతికంటలేదా? అదే చెయ్యి తీగకంటలేదా?"

అంటుకుంది. రసం మణికట్టు దాకా కారితే పంచెకు తుడుచుకుని అదే చేత్తో తీగలు మెలిపెట్టాను. చివరలు కడగాలన్న ఆలోచనే రాలేదు. లేదని చెప్పేయొచ్చు, సాహెబుకు చెప్పినట్టే. ఎందుకో ఈ ముసలాయన ముందు నోరు రాలేదు.

"అంటి ఉండొచ్చు తాతా" అన్నాను.

తాత నార పక్కన పెట్టాడు. "ఐతే పండుం నాడు పొద్దున అందరి ముందర చెప్పు. ఆ పులుపు కాయదా, కాదా? ఊకె నోటి మాట గాదు, చూపియ్యాలె."

నాలుగు రోజులు మిగిలాయి.

మామిడి తీసేసి

పుస్తకం ముందు నుంచి వెనక్కి, వెనక నుంచి ముందుకు తిరగేశాను. నాలుక మీద పులుపు తెలుస్తుందని ఉంది. ఎందుకో లేదు. జగదల్‌పూర్‌కు ఉత్తరం రాస్తే జవాబు నాలుగు రోజుల్లో రాదు. అయినా రాశాను. నెల తర్వాత వచ్చిన జవాబులో, నాలుకలోని నరం మోసపోతుందని సాహెబు రాశారు. ఎన్నో ఏళ్ళకు ఇంకో పెద్ద చదువులాయన, నరం కాదు, ఉమ్మిలోనే కరెంటు వల్ల పులుపు పుడుతుందన్నాడు. ఇద్దరూ ఖాయంగానే చెప్పారు. ఎవరిని నమ్మాలో నాకిప్పటికీ తెలియదు.

మర్నాటి మధ్యాహ్నం తల పట్టుకుని కూర్చుంటే బడి కంచె అవతల పొజ్జె కనిపించింది. లోపలికి రావద్దని ఇంట్లో చెప్పారట, అందుకని బయటే నిలబడింది.

"గురూజీ, లక్క లెక్కనే చేద్దాం. మామిడి తీసేసి చూద్దాం."

"తీసేసి దేంట్లో గుచ్చుతావే?"

"ఉప్పు నీళ్ళల్ల. ఉప్పుకు పులుపు లేదు గద."

అంతే! రెండు పూటలు బుర్ర బద్దలుకొట్టుకున్నా నాకు తట్టలేదు. ఆకు దొప్పలు నాలుగు కుట్టి ఉప్పు నీళ్ళు పోశాను. రాగి, జింకు ముక్కలు ముంచి తీగలు కలిపాను. తీగలు నేనే నాలుక మీద పెట్టుకున్నాను. మొదటిసారి పుల్లగా అనిపించింది. రెండోసారి ఇనప కొడవలి నాకినట్టుంది. మూడోసారి ఏమీ తెలియలేదు. పదోసారికి నా నాలుక నాదేనా అని అనుమానం వచ్చింది. పులుపు కావాలని కోరుకుంటున్నాను గనక పులుపు తెలుస్తోందా? అలాగైతే పెర్మ తాత నాలుకకు ఏం తెలుస్తుంది? ఉప్పగా ఉందంటే, ఏది గుచ్చితే దాని రుచే వస్తుందని తేలిపోయి పిల్ల పని అయిపోయినట్టే.

కంచె సందులోంచి తీగలు పొజ్జెకు ఇచ్చాను. కళ్ళు మూసుకుని చూసింది.

"పుల్లగనే ఉంది. ఐతే మామిడి లెక్క లేదు."

"మరి ఆ రోజు మామిడి లెక్కనే ఉందన్నావు కదే!"

"ఆ రోజు కాయలు కండ్ల ముందర ఉన్నయి గద గురూజీ."

ఆ మాట విన్నాక ఉన్న కాస్త ధైర్యమూ పోయింది. నాలుకే కాదు, కళ్ళు కూడా రుచి చూస్తాయన్నమాట. పోతూ పోతూ పిల్ల ఇంకోటి చెప్పింది: "తీగ కొసలు మంచినీళ్ళతో కడుగు. ఉప్పు అంటిందంటరు." పదేళ్ళ పిల్ల నాకు చేతులు కడుక్కోవడం నేర్పింది.

ఎండిన రాయి

పండుం పొద్దున ఊరంతా పెద్దల రాయి దగ్గర చేరింది. తాతముత్తాతల పేర నిలబెట్టిన, నడుమెత్తున్న పొడవాటి రాయి. దాని ముందు కొత్త మామిడికాయల కుప్ప ఉంది. ముత్తయ్య, పొజ్జె, వాళ్ళమ్మ దూరంగా, అందరికీ ఎడంగా కూర్చున్నారు. నేను దొప్పలు పరిచి, ఉప్పు నీళ్ళు పోసి, తీగలు కలిపాను. కొసలు అందరి ముందే మూడుసార్లు కడిగాను. తొందరలో ఒక దొప్ప ఒలికిపోయి మళ్ళీ నింపాల్సి వచ్చింది.

పెర్మ తాత నాలుక తడుపుకుని తీగలు పెట్టుకున్నాడు. ముఖం ముడుచుకుపోయింది. తీసేశాడు. మళ్ళీ పెట్టుకున్నాడు. తీగలు అటుదిటు, ఇటుదటు మార్చి ఇంకోసారి చూశాడు.

"పుల్లగున్నది" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు. "ఉప్పు నీళ్ళల్లకు పులుపు ఏడికెల్లొచ్చింది గురూజీ?"

అందరూ నన్నే చూస్తున్నారు. ఏదో ఒకటి చెప్పెయ్యాలని నాలుక దాకా వచ్చింది. నాలుగు ముక్కలు హిందీలో కలిపి దబాయిస్తే ఊరుకునేవాళ్ళేమో.

"తెల్వదు తాతా" అన్నాను.

ముత్తయ్య తల వాల్చేశాడు. చదువుకున్న గురూజీయే తెల్వదన్నాక తన బిడ్డ గతి ఇంతే అనుకున్నాడేమో. నాకూ అలాగే అనిపించింది. తాత దొప్పలు చూశాడు, కాయల కుప్ప చూశాడు.

"పులుపు కాయది గాదు" అన్నాడు చివరికి. "పిల్ల మామిడి తినలే. ముత్తయ్యా, ఇవతలికి రా, మందిల కూసో."

ముత్తయ్య పెండ్లాం గట్టిగా ఏడ్చేసింది. పక్కన ఉన్న ఆడవాళ్ళు జరిగి ఆమెకు చోటిచ్చారు. నేనూ మందిలో కూర్చోబోయాను.

"నువ్వు కూసోకు" అన్నాడు తాత. "పెద్దలకు పెట్టకముందుగాల కాయను గుచ్చింది నువ్వు. రసం అంటింది నీ చేతికి. నువ్వే ఒప్పుకున్నవు. అవతల నిలబడు. ఈ ఏడు నీకు మామిడి లేదు."

న్యాయమే. పోయి ముత్తయ్య వాళ్ళు ఖాళీ చేసిన చోట నిలబడ్డాను. పండుం మొదలవుతుందనుకుంటే తాత చెయ్యెత్తి ఆపాడు.

"ఇంకోటున్నది. పిల్ల తిన్నది ఏందో నాకు తెల్వదు, గురూజీకీ తెల్వదు. ఐతే కొత్తది. కొత్తది పెద్దలకు పెట్టకుండ మనం తినొద్దు."

తీగలు రెండూ పట్టుకుని రాయి వైపు నడిచాడు. రాయికి కరెంటు పెట్టడమేంటి? నవ్వాలో, దండం పెట్టాలో, ఆపి పాఠం చెప్పాలో తెలియక నోరు తెరుచుకుని చూస్తున్నాను. తీగ కొసలు రాయికి తగలబోతున్నాయి. అంతలో మందిలోంచి పొజ్జె లేచింది. నీళ్ళున్న సొరకాయ బుర్ర తీసుకుని పరుగున పోయి రాయి మీద గుమ్మరించింది.

"ఏందే ఇది!" అని అరిచాడు ముత్తయ్య.

పొజ్జె అతని వైపు చూడలేదు, తాత వైపు చూడలేదు. దూరంగా ఉన్న నన్ను చూసి కేకేసి చెప్పింది: "రాయి ఎండిపోయింది గురూజీ! ఎండిన నాలిక మీద తెల్వదన్నవు గద!"

తాత ఆగి ఆ పిల్లను ఎగాదిగా చూశాడు. రాయి బాగా తడిసేదాకా ఓపిగ్గా నిలబడి, అప్పుడు తీగలు ఆనించాడు. కాసేపుంచి, "అందిందా?" అని నన్నడిగాడు.

"తెల్వదు తాతా."

తల ఊపి తీగలు కింద పెట్టాడు. ముత్తయ్య నా దాకా నడిచి వచ్చి, "రేపు పిల్ల బడికొస్తది" అని ఒక్క మాట చెప్పి వెళ్ళిపోయాడు.

కాయలు పెద్దలకు పెట్టడం అయింది. ముక్కలు కోసి అందరికీ పంచారు. పొజ్జె తన ముక్క పట్టుకుని వచ్చి నాకు ఎదురుగా, మంది అంచున కూర్చుంది. ఉప్పు అద్దుకుని కసుక్కున కొరికింది. ఒక కన్ను మూసుకుపోయింది.

నా నోట్లో నీళ్ళూరాయి. దవడలు జివ్వుమన్నాయి. నా చేతిలో కాయ లేదు, తీగ లేదు. అయినా నా నాలుక పుల్లగా ఉంది.